నర్మద ఒడ్డున పిట్టల చేలు

మాళవ దేశంలో నర్మదా నది ఉత్తరపు ఒడ్డున ఉన్న మహేశ్వరం 1767 నుంచి 1795 వరకు హోల్కర్ రాజ్యాన్ని ఏలిన అహల్యాబాయికి రాజధాని. 1780 నాటికి కాశీ విశ్వేశ్వరాలయాన్ని తిరిగి కట్టించిన పుణ్యాత్మురాలిగా ఆమె పేరు కాశీకి వెళ్లివచ్చే తెలుగువారికి పరిచితమే. అయితే సోమనాథం, గయ, ఎల్లోరా మొదలైన క్షేత్రాల్లో ఆమె నిలిపిన రాతి కట్టడాల చాటున, అంతకన్నా మెత్తని ధర్మమొకటి మరుగుపడింది. అది ఆమె దుక్కిటెద్దులకూ పిట్టలకూ పంచిన దయ.

అహల్యాబాయి 1725లో, నేటి మహారాష్ట్రలోని చౌండీ గ్రామంలో, ధనగర్ కులంలో పుట్టింది. ధనగర్లు తెలుగునాట కురుమల మాదిరిగా గొర్రెల మందలను నమ్ముకొని బతికినవారు. ఆమె మామ మల్హారరావు హోల్కర్ కూడా ఆ కులం నుంచే పైకి వచ్చి, పీష్వాల సేనానిగా రాజ్యం సంపాదించుకున్నాడు. 1754లో కుంభేర్ కోట ముట్టడిలో భర్త ఖండేరావు ఫిరంగి దెబ్బకు చనిపోయినప్పుడు సహగమనానికి సిద్ధమైన కోడలిని ఆయన బతిమాలి ఆపాడు. 1766లో ఆ మామ, మరుసటి ఏడాది కొడుకు మాలేరావు పోగా, రాజ్యభారం ఆమె మీద పడింది.

ఆమె దినచర్యను గురించిన వివరాలు ఎక్కువగా బ్రిటిష్ సేనాని జాన్ మాల్కం ద్వారా దొరుకుతాయి. 1818 తరువాత మాళవ వ్యవహారాలు చూస్తూ, ఆమెను ఎరిగినవారిని అడిగి తెలుసుకున్న సంగతులను ఆయన 1823లో అచ్చువేసిన మధ్య భారత చరిత్రలో పొందుపరిచాడు. తెల్లవారడానికి గంట ముందే లేచి, పూజ ముగించి, పురాణ శ్రవణం చేసి, దానాలిచ్చి, బ్రాహ్మణులకు దగ్గరుండి అన్నం పెట్టిన తరువాతే ఆమె భోజనానికి కూర్చునేది. కులాచారం అడ్డుచెప్పకపోయినా ఆమె మాంసం తినడం తనంతట తానే మానుకున్నదని మాల్కం రాశాడు. ఒకరు విధించని నియమాన్ని ప్రాణుల మీది కనికరంతో పాటించడమే ఆమె భక్తికి అసలు గుర్తు అనిపిస్తుంది.

ఆమె దానధర్మాలకు ఆధారం ఖాస్గీ. ఖాస్గీ అంటే ప్రభుత్వ ఖజానాతో కలపకుండా హోల్కర్ ఇంటి స్త్రీల సొంత ఖర్చుకు విడిగా ఉంచిన భూముల రాబడి. రాజ్యం చేతికి రాగానే ఆ ధనాన్ని ఆమె తులసి దళాలతో నీళ్లు వదిలి దైవకార్యాలకు ధారపోసిందని చెబుతారు. ధారపోయడమంటే, ఇచ్చినదాన్ని తిరిగి తనదనుకోనని నీటి సాక్షిగా ఒప్పుకోవడం.

ఎండాకాలంలో బాటసారుల కోసం దారుల వెంట చలివేంద్రాలు పెట్టించడం ఈ దేశంలో పాత ఆచారమే. అహల్యాబాయి ఆ నీటిని పశువుల దాకా తీసుకువెళ్లింది. మహేశ్వరం చుట్టుపక్కల చేలలో అరక సాగుతుండగా ఆమె సేవకుడు కడవతో వచ్చి, కాడెద్దులను ఆపించి, నీళ్లు తాపి వెళ్లేవాడని అక్కడి రైతులు చెప్పుకునేవారు. గృహస్థు రోజూ చేయవలసిన అయిదు యజ్ఞాలలో కాకికీ, చీమకూ, కుక్కకూ తన అన్నంలోంచి ఒక ముద్ద తీసిపెట్టే భూతయజ్ఞం ఒకటి. తెలుగు ఇళ్లలో నాయనమ్మలూ అమ్మమ్మలూ పేరు తెలియకపోయినా తప్పకుండా నడుపుతూ వచ్చిన ఆ చిన్న క్రతువునే ఆమె పెరటి గోడ దాటించి పొలాల మీదికి పరిచింది.

అన్నిటికన్నా తలచుకోదగినది పిట్టల సంగతి. కంకి పాలుపోసుకున్నది మొదలు కోత దాకా మంచె ఎక్కి వడిసెలతో పిట్టలను తోలే రైతుది తప్పు కాదనీ, ఆ గింజలే అతని ఇంటిల్లిపాదికీ ఆధారమనీ ఆమె అంటూ ఉండేదట. అందుకే పిట్టలను తోలవద్దని ఆజ్ఞ వేయకుండా, పండిన చేలను డబ్బిచ్చి కొని, వాటికి వదిలేసింది. ఒకరి నోటి ముద్ద లాగి మరొక ప్రాణికి పెట్టడం దయ కాదన్న ఈ తెలివిడి, భూతదయ గురించిన ఎన్నో ప్రసంగాల్లో కనిపించనిది. ఆవుదూడను రథంతో తొక్కించిన కొడుకును అదే రథం కింద పడవేయమన్నదని ఇండోర్‌లో ఆమె గురించి ఒక కథ వ్యాప్తిలో ఉంది. అటువంటి కథలు బెజవాడలో మాధవవర్మ మీదా, చోళదేశంలో మనునీతి మీదా ఉన్నాయి కనుక దాన్ని చరిత్రగా తీసుకోవడం కష్టం. ఆమె స్వభావం తెలియడానికి ఆ కొన్న చేలు చాలు.

ఇంత మందికి నీడైన ఇంట్లో చివరికి మనవడు కూడా మిగలలేదు. కూతురు ముక్తాబాయి ఒక్కగానొక్క కొడుకు పోయిన ఏడాదికే, 1791లో, అల్లుడు యశవంతరావు ఫణసే చనిపోగా, ముక్తాబాయి సహగమనానికి పూనుకున్నది. ముప్పై ఏడేళ్ల కిందట మామ మాట విని ఆగిన స్త్రీ ఇప్పుడు నేల మీద పడి కూతురిని వేడుకున్నది, కాని ముక్తాబాయి వినలేదు. చితి దగ్గర ఇద్దరు బ్రాహ్మణులు రెక్కలు పట్టుకొని నిలపవలసి వచ్చిన ఆ తల్లి, అంతా అయ్యాక నర్మదలో స్నానం చేసి ఇంటికి చేరి, మూడు రోజులు దాదాపు ఏమీ ముట్టకుండా, ఒక్క మాటైనా పలకకుండా ఉండిపోయిందనీ, తేరుకున్న తరువాత పోయినవారి జ్ఞాపకార్థం అందమైన స్మారక కట్టడమొకటి నిలిపిందనీ మాల్కం రాశాడు.