వడ్రంగపు యంత్రములు ఇల్లు చేరిన విధము

వడ్రంగపు యంత్రములనగానే పొగగొట్టములును, తోలుపట్టీలును, రంపపు పొట్టు గుట్టలును గల కర్మాగారము మన కన్నుల ముందు నిలుచును. కాని ఇంగ్లండు దేశమున ఆ యంత్రములు తొలినాళ్లలో కొలువుదీరిన చోటు కర్మాగారము కాదు. ఒక తత్త్వవేత్త గృహము. లండను నగరమున, వెస్టుమినిస్టరు ప్రాంతమందలి క్వీన్ స్క్వేర్ ప్లేస్ అను చోట జెరెమీ బెంథాము నివసించుచుండెను. న్యాయశాస్త్రమును మొదలంట సంస్కరింపబూనిన ఆ పండితుని ఇంటి ప్రక్కసాలలలో, 1790 తరువాతి సంవత్సరములందు, కొయ్యను కోయు యంత్రములును, నునుపుచేయు యంత్రములును నెలకొన్నవి.

వానిని కల్పించినవాడు ఆయన తమ్ముడు శామ్యూలు బెంథాము (1757–1831). ఇతడు ఓడల నిర్మాణము నేర్చి, రష్యాలో పొటెంకిను ప్రభువు కొలువున పనిచేసి, 1791లో స్వదేశము చేరెను. నేర్పరులైన పనివారు చాలినంతమంది దొరకని ఇబ్బంది యెట్టిదో ఆయనకు రష్యాలోనే తెలిసివచ్చెను. ఆ 1791లో ఆయన పేటెంటు పొందిన మొదటి యంత్రము మన వడ్రంగి చిత్రికకు పెద్దన్న వంటిది: చిత్రిక వలెనే ముందునకు వెనుకకు నడచుచు కొయ్యను చెక్కును. 1793 నాటి రెండవ పేటెంటులో ఊహ చాల దూరము సాగినది. చేతిని అనుకరించుట మాని, గుండ్రముగ తిరుగు కత్తులను ఆయన అందు వర్ణించెను. కోయుట, గాడి తీయుట, తొలుచుట, బెజ్జము వేయుట అని పనులను విడదీసెనే కాని, ఇది వడ్రంగి పని, ఇది బండ్లు చేయువాని పని అని విడదీయలేదు. నేటి యంత్రములన్నిటికి మూలమైన ఆలోచన ఇదియేయని మా అభిప్రాయము.

ఇంత శ్రమ యెందులకు? అన్నదమ్ములు ఇరువురును 'పనాప్టికాన్' అను నూతన కారాగారమును నిర్మింపదలచిరి. అందలి ఖైదీలు వృత్తివిద్య నెరుగనివారు; వారి చేత పనిచేయింపవలెనన్న నేర్పు మనిషిలో గాక యంత్రములో నుండవలెను. ఆ కారాగారము కట్టబడనే లేదు. 1813లో ప్రభుత్వము జెరెమీకి 23,000 పౌనులు పరిహారముగ చెల్లించి ఆ కథ ముగించినది. యంత్రముల కథ మాత్రము ముగియలేదు. శామ్యూలు 1796లో నౌకాదళ నిర్మాణములకు పర్యవేక్షకుడాయెను. మార్క్ బ్రూనెల్ అను ఫ్రెంచి యింజనీరు ఓడల కప్పీలు చేయుటకు గీసిన నమూనాలను ఆదరించి, పోర్ట్‌స్మత్ రేవునకు తెప్పించినవాడు ఇతడే. ఒక పెద్ద యుద్ధనౌక తెరచాపలను ఎత్తుటకు దించుటకు సుమారు వేయి కప్పీలు కావలసియుండెను. హెన్రీ మాడ్‌స్లే నిర్మించిన యంత్రములు 1808లో 1,30,000 కప్పీలను చేసినవి. నేర్పులేని 10 మంది, నేర్పరులైన 110 మంది పనిని చేయగలిగిరని ప్రసిద్ధి. ఆ లెక్కలో నూరుగురి చేతినేర్పు వెలలేనిదాయెను.

ఇల్లు విడిచిన యంత్రము తిరిగి ఇల్లు చేరుటకు నూరేండ్లు పైగా పట్టినది. ఆవిరి యింజనును ఎవరు మాత్రము పెరటిలో నిలుపుకొనగలరు? ఒక గుఱ్ఱపు బలమునకు లోబడిన విద్యుత్ మోటారు చౌకగా దొరకినపుడే అది సాధ్యమాయెను. అమెరికాలో మిల్వాకీ నగరమున హెర్బర్ట్ టౌట్జ్ 1919లో నెలకొల్పిన డెల్టా సంస్థ, ఇంటి పనిశాలలకు తగిన చిన్న యంత్రములను అమ్మి పేరుగాంచెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప, 1947లో, హాన్స్ గోల్డ్‌ష్మిట్ కల్పించిన 'షాప్‌స్మిత్' వెలువడెను. ఒకే మోటారు, ఒకే పీఠము; దానినే మార్చి మార్చి రంపముగను, తరిమెనగను, బరమాగను వాడుకొనవచ్చును. పగలెల్ల కచేరిలో కాగితములు చూచుకొను గృహస్థు సాయంకాలము దానిముందు నిలిచి పిల్లలకు బల్ల చేయుచుండెను. నేర్పు అక్కరలేకుండ చేయుటకు పుట్టిన యంత్రమును, నేర్పుకొరకు ఆరాటపడు మనుజుడు తన డబ్బుతో కొనుక్కొనుట మాకు వింతగ తోచును.

అయినను ఇంటి పనిశాల పోర్ట్‌స్మత్ కాలేదు. అచ్చట ఒకే కప్పీని వేలకొలది చేసిరి. ఇచ్చట చేసిన వస్తువు మరల చేయరు. పైగా యంత్రమునకు ఒకే తీరుగాని, కొయ్యకు లేదు. పచ్చికొయ్య ఆరునపుడు నిలువున కుంచించుకొనునది బహు స్వల్పము. అడ్డముగ కుంచించుట ఎక్కువ. ఆ అడ్డములోను, వలయముల వెంబడి కలుగు కుంచించు, మధ్యనుండి బెరడువైపు కలుగు దానికి ఇంచుమించు రెట్టింపు. నిన్న చదునుగ నున్న పలక నేడు దొప్పవలె వంగుటకు కారణమిదియే. గాలికి ఆరబెట్టునపుడు అంగుళము మందమునకు ఒక యేడు విడువవలెనని పాతలెక్క. మన పల్లె వడ్రంగులు పచ్చికొయ్యతో తలుపు చేయుటకు వెనుదీయుట ఊరక కాదు.

ఈ వంకరయే బల్లరంపము వద్ద ప్రాణాంతకమగును. కోయుచుండగనే కొయ్య లోని బిగువు వదలి, రెండు ముక్కలును దగ్గరకు చేరి తిరుగుచున్న బిళ్ల వెనుకభాగమును నొక్కును. బిళ్ల ఆ పలకను ఎత్తి పనివాని మీదికి విసరును. పలకతో పాటు చేయి కూడ బిళ్ల మీదికి లాగబడవచ్చును. అందువలన బిళ్ల వెనుక సన్నని ఉక్కు రేకును నిలువుగ నిలిపి, చీలిన ముక్కలు కలియకుండ చేయుదురు. ఇది చిన్న సాధనమే. అడ్డుగ నున్నదని ఊడదీసి పారవైచినవారు ఎందరో.

1999లో స్టీఫెన్ గాస్ అను అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు మరియొక ఉపాయము పన్నెను. మనిషి దేహము విద్యుత్తును ప్రసరింపజేయును, ఎండిన కొయ్య అంతగా ప్రసరింపనీయదు. వేలు తగిలిన క్షణమున ఆ భేదమును గ్రహించి, ఒక అల్యూమినియము దిమ్మ బిళ్ల పండ్లలోనికి దూసుకుపోయి, అయిదు మిల్లీసెకండ్ల లోపల దానిని నిలిపివేయును. ముందు మాంసపు సాసేజితో పరీక్షించి, పిదప ఆయన తన వేలినే ఒడ్డెను. 2004 నుండి ఇట్టి రంపములు అమ్మకమునకు వచ్చినవి. ఒకసారి ఆగినపుడు బిళ్లయు, దిమ్మయు రెండును చెడును, క్రొత్తవి అమర్చుకొనవలసినదే. కొయ్యను ఆరబెట్టక పచ్చిగనే తెచ్చి బల్లమీద పెట్టినచో, ఆ తేమను మనిషి వేలుగా భ్రమించి ఆ యంత్రము ఒక్కొక్కప్పుడు అట్లే ఆగిపోవుచుండును.