చెట్టుకు పది పేర్లు, రోగానికి ఒక్కటీ లేదు

జొన్న కోసేసిన చేలో మోళ్ల నుంచి మళ్లీ లేత పిలకలు వస్తాయి. వాన లేక అవి గిడసబారి నిలిచిపోతే దాన్ని మన రైతులు 'నాము' అంటారు. "గొడ్డు నాము మేసింది" అంటే చాలు, ఇంటిల్లిపాదీ పరుగెత్తేవాళ్లు. చిన్న మాటే గానీ అందులో ఒక పాఠమంతా ఉంది: ఏ మొక్క, ఏ దశ, ఎప్పుడు ప్రమాదం, ఎంత తొందర పడాలి. లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుందనీ, పశువు నమిలినప్పుడు అది హైడ్రోసైనిక్ ఆమ్లాన్ని వదులుతుందనీ 1902లో డన్‌స్టన్, హెన్రీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు లండన్‌లో తేల్చారు. మన కాపువాళ్లకు రసాయనం పేరు తెలియదు. కానీ నాములోకి గొడ్డును తోలకూడదని మాత్రం బాగా తెలుసు.

పశువుల రోగాలకు మన భాషలో ఉన్న పేర్లన్నీ ఇట్లాంటివే. జబ్బ వాస్తే జబ్బవాపు, గొంతు వాస్తే గొంతువాపు. గాలికుంటులో గాలీ ఉంది, కుంటూ ఉంది. ఆ రోగం గాలిలో కూడా వ్యాపిస్తుందని ఇప్పటి పశువైద్యులూ ఒప్పుకుంటారు. గొర్రెలకు వచ్చేది చిటుకురోగం. చిటికె వేసేలోపు ప్రాణం పోతుంది కాబట్టి ఆ పేరని కాపరులు చెప్తారు. పేరు తెలిస్తే లక్షణం తెలిసినట్టే.

అయితే మన పల్లెల చుట్టూ నూటయాభై ఏళ్లుగా ఉన్న ఒక చెట్టు ఉంది. దాని కాయలు నెలల తరబడి తిన్న పశువుకు మెదడులో నరాలు చెడిపోతాయి. ఆ చెట్టుకు మనం వెళ్లిన రాష్ట్రానికొక పేరు పెట్టుకున్నాం. ఆ రోగానికి మాత్రం జనం నోట పేరు నిలవలేదు. ఎందుకని? ఈ వ్యాసం దాని గురించే.

కమలాపురం నుంచి

చెట్టు శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జూలిఫ్లోరా. పుట్టిల్లు అమెరికా ఖండపు ఎండ దేశాలు. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖ కన్సర్వేటర్ రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని రెవెన్యూ శాఖకు రాశాడు. జమైకా నుంచి విత్తనాలు వచ్చాయి. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. మన దేశంలో ఈ చెట్టుకు దొరికే తొలి ఆనవాళ్లలో ఇదొకటి.

ఆ ఏళ్లు గుర్తుపెట్టుకోవాలి. 1876 అంటే ధాత నామ సంవత్సరం. మన పెద్దల నోట ధాత కరువు, తమిళుల నోట తాదు వరుషప్ పంజం. దత్తమండలాల్లో జనం, గొడ్డూ గోదా కుప్పకూలిన కాలం. వంటచెరకు లేదు, మేత లేదు, నేల మీద పచ్చదనం లేదు. నీళ్లు లేకపోయినా బతికే చెట్టు దొరికితే బాగుండునని సర్కారువాళ్లు అనుకోవడంలో తప్పేమీ కనబడదు. చెట్టు కూడా మాట నిలబెట్టుకుంది. నీళ్లు లేకపోయినా బతికింది, పొయ్యిలోకి కట్టె ఇచ్చింది, బట్టీలకు బొగ్గు ఇచ్చింది, చేలకు కంచె అయింది. ఇప్పటికీ దాని బొగ్గు మీద బతికే కుటుంబాలు రామనాథపురం జిల్లాలో ఉన్నాయి.

పేరు మీద పేరు

ఇప్పుడు పేర్లు చూడండి. ఆంధ్ర, తెలంగాణల్లో సర్కారు తుమ్మ, సీమ తుమ్మ, ఇంగ్లీషు తుమ్మ, పిచ్చి తుమ్మ, చిల్లచెట్టు, ఉత్త 'కంప'. సర్కారు నాటింది కాబట్టి సర్కారు తుమ్మ. సముద్రం దాటి వచ్చింది కాబట్టి, సీమచింత లాగా, సీమ తుమ్మ.

పావగడ, కోలారు, బళ్ళారి వైపు మనవాళ్లకు కన్నడ పేరు 'బళ్ళారి జాలి' అలవాటు. ఈ జాలి మన జాలి కాదు. కన్నడంలో జాలి అంటే తుమ్మ. బళ్ళారి 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది, అంతకుముందు కడపతో పాటు దత్తమండలాల్లో ఒకటి. మైసూరు సీమకు ఈ చెట్టు ఏ దిక్కు నుంచి వచ్చిందో ఆ పేరే చెప్తున్నట్టుంది.

తమిళనాట, కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ కరిసల్ నేలల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే ఊళ్లున్నాయి. గోపల్లపురం కథ చెప్పిన కి. రాజనారాయణన్ ఊరు ఇడైసెవల్ కూడా అక్కడిదే. ఆ నేలలో దీని పేరు 'సీమైక్ కరువేలం'. కరువేలంలో ఉన్నది కరువు కాదు, కరు, అంటే నలుపు. వేలం అంటే తుమ్మ. కలిపితే మన నల్లతుమ్మే, దాని ముందు సీమ. ఇంకో తమిళ పేరు 'వేలికాత్తాన్', కంచె కాచినవాడు అని. చెట్టును కాపలాదారును చేసిన పేరు అది ఒక్కటే.

మహారాష్ట్రలో, సోలాపూర్ పద్మశాలీల చుట్టుపక్కల వినబడేది 'వేడీ బాభూళ్'. బాభూళ్ అంటే తుమ్మ, వేడీ అంటే పిచ్చిది. గుజరాతీలోనూ అంతే: 'గాండో బావళ్', పిచ్చి తుమ్మ. తెలుగు పిచ్చి తుమ్మ, మరాఠీ వేడీ బాభూళ్, గుజరాతీ గాండో బావళ్, మూడూ ఒకే మాట. ఎవరినుంచి ఎవరు తీసుకున్నారో వెతకాల్సిన పని లేదు. అదుపు లేకుండా పెరిగేదాన్ని పిచ్చిది అనడం మూడు భాషలకూ సహజమే.

అన్ని పేర్లలోనూ ఒక సంగతి ఒకేలా ఉంది. తుమ్మ, జాలి, వేలం, బాభూళ్: నాలుగు భాషలూ కొత్తగా వచ్చిన చెట్టును పాత నల్లతుమ్మ కుటుంబంలో కలిపేశాయి. ముల్లు చూసి, ఆకు చూసి కలిపేశాయి. నిజానికి దీని దగ్గరి చుట్టం నల్లతుమ్మ కాదు, మనం దసరాకు పూజించే జమ్మి. తమిళంలో వన్ని, కన్నడంలో బన్ని.

చుట్టరికం కలిపితే నమ్మకం కూడా కలుస్తుంది. నల్లతుమ్మ కాయలు మేకలకు పెట్టడం మన కాపరులకు తాతల నాటి అలవాటు. కొమ్మ వంచి, దోటితో రాల్చి పెట్టేవాళ్లు. సీమ తుమ్మ కూడా 'తుమ్మే' అయినప్పుడు దాని కాయ మీద అనుమానం ఎందుకొస్తుంది? పైగా అది తియ్యగా ఉంటుంది. పండిన కాయలో చక్కెర పాలు ఎక్కువ, మాంసకృత్తులూ ఉన్నాయి. ఆకు చేదు, పశువు మూతి పెట్టదు. కాయ రాలితే మాత్రం మంద ఆగదు.

మెదడులో జరిగేది

కొంచెం తింటే ఏమీ కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, లేకపోతే భయపడి మంచి మేతను పారేసుకుంటాం. కరువులో వేరే మేత లేక, నెలల తరబడి ఆ కాయలే కడుపు నింపినప్పుడు తంటా వస్తుంది.

రోగం ఇలా మొదలవుతుంది. పశువు తింటూ తల పక్కకు వంచుతుంది. నమిలేటప్పుడు మేత నోట్లోంచి జారిపోతుంది. చొంగ కారుతుంది. నెమరు సరిగ్గా సాగదు. దవడ కండలు కరిగి మొహం లోతుకు పోతుంది. కింది దవడ వేలాడుతుంది, నాలుక బయటికి వస్తుంది. ఆకలి ఉంటుంది, ఎదురుగా మేత ఉంటుంది, కానీ నమలలేదు. చివరికి ఎండిపోయి చనిపోతుంది.

కారణం దవడలో లేదు, మెదడులో ఉంది. నమిలే కండలను ఆడించేది అయిదో కపాల నాడి. పాఠ్యపుస్తకాల్లో దాన్ని త్రిధార నాడి అంటారు. మెదడు కాండంలో ఆ నాడికి మూలమైన కణాల గుంపు ఒకటుంటుంది. కాయలో జూలిప్రోసోపిన్ అనే ఆల్కలాయిడ్ ఉంది. అది ఆ కణాల్లో శక్తినిచ్చే మైటోకాండ్రియాలను ఉబ్బేలా చేస్తుంది. కణంలో బుడగల్లాంటి ఖాళీలు ఏర్పడి, కొన్నాళ్లకు కణమే పోతుంది. నాడి పోతే కండ కరుగుతుంది.

దీన్ని లోతుగా పరిశోధించింది బ్రెజిల్‌వాళ్లు. అక్కడి ఈశాన్య కరువు ప్రాంతానికి ఈ చెట్టు 1942లో వెళ్లింది. వాళ్లు దాన్ని మేత చెట్టుగానే పెంచారు, కాయలు ఏరి, నిలవచేసి పెట్టారు. నలభై ఏళ్లు తిరిగేసరికి రోగం కనబడింది, దానికి 'కారా తోర్తా' అనే పేరూ వచ్చింది. పోర్చుగీసులో వంకర మొహం అని అర్థం. పశువుల కాపరుల మాటే పరిశోధన పత్రాల్లోకి ఎక్కింది. మేతలో 60 శాతం, 90 శాతం ఈ కాయలే పెట్టిన మేకలకు దాదాపు ఏడు నెలలకు లక్షణాలు బయటపడ్డాయి. అంతే పాళ్లలో పెట్టిన గొర్రెలకు కడుపు తేడా చేసింది గానీ వంకర మొహం రాలేదు. ఆవులూ మేకలే దీనికి లోబడేవి.

కెన్యాలో బరింగో ప్రాంతపు ఇల్చమస్ తెగవాళ్లు ఈ చెట్టు మీద ప్రభుత్వాన్ని కోర్టుకు లాగినప్పుడు, పళ్లు ఊడిపోయిన ఒక మేకనే సాక్ష్యంగా తీసుకెళ్లారు. కచ్‌లోని బన్ని గడ్డిభూముల్లో 1960ల్లో అటవీశాఖ దీన్ని నాటింది. కాయలు తిని కాంక్రేజ్ ఆవులు జబ్బుపడుతున్నాయని అక్కడి మాల్ధారీలు చెప్తూ వచ్చారు, చాలామంది గేదెలవైపు మళ్లారు.

పేరు ఎందుకు పుట్టలేదు

నాముకు పేరు పుట్టింది, ఎందుకంటే పొద్దున మేసిన గొడ్డు మధ్యాహ్నానికి పడిపోతుంది. కారణానికీ ఫలితానికీ మధ్య పూట కూడా ఉండదు. గురి తప్పకుండా వేలు చూపించవచ్చు. సీమ తుమ్మ రోగం అట్లా కాదు. మాఘంలో తిన్నదానికి శ్రావణంలో లక్షణం కనబడుతుంది. అప్పటికి అది కరువు ఏడాది. మందలో ఎన్నో పశువులు బక్కచిక్కి ఉంటాయి. "మేత దిగట్లేదు", "పళ్లు పోయాయి", "ముసలిదైంది" అనే మాటల్లో ఈ రోగం దాక్కుంటుంది. పైగా మన కాపరుల మేకలు కాయలతో పాటు పది రకాల ఆకులు కొరుకుతూ తిరుగుతాయి. బ్రెజిల్‌లో లాగా రాశులు పోసి కాయలే మేపడం ఇక్కడ తక్కువ. అంచేత రోగమూ తక్కువే కనబడి ఉంటుంది. పేరు పుట్టడానికి ఒకే ఊళ్లో, ఒకే ఏడు, నాలుగైదు ఇళ్లలో ఒకే లక్షణం కనబడాలి కదా.

కానీ పేరు లేకపోవడం వల్ల నష్టం ఉంది. పేరులేని రోగాన్ని పశువైద్యుడికి చెప్పడం కష్టం. ఇంకా పెద్ద ప్రమాదం ఒకటుంది. దవడ వేలాడి చొంగ కార్చే పశువు అంటే పిచ్చికుక్క కాటు రోగం కూడా కావచ్చు. రెండూ పైకి ఒకేలా ఉంటాయి. "గొంతులో ఏదో అడ్డం పడింది" అని నోట్లో చెయ్యి పెట్టి వెతకడం మన ఊళ్లలో అలవాటు. అట్లాంటి పశువు నోట్లో చెయ్యి పెట్టకండి. ముందు డాక్టరును పిలవండి.

మిగతా జాగ్రత్తలు తేలికైనవే. కాయలు మేతలో మూడో వంతుకు మించనివ్వకండి, అదీ ఏడాది పొడుగునా వద్దు. మధ్యలో చొప్ప, గడ్డి, ఇతర ఆకు పడాలి. కాయను గింజతో సహా పిండి కొట్టించి పెడితే ఇంకో లాభం: గింజ పేడలో బయటికి రాదు, ఊరంతా మొలవదు. చెట్టు ఇంతగా పాకింది పశువుల కడుపుల గుండానే. అయితే పిండి కొట్టినంత మాత్రాన విషం పోదు, కొలత కొలతే. తల వంచి నమిలే పశువు కనబడితే ఆ రోజే కాయలు మాన్పించాలి. తొలిదశలో మానిపిస్తే కొన్ని తేరుకుంటాయి. దవడ జారిన తర్వాత మందు లేదు.

చెట్టు పేరు కోర్టులకూ ఎక్కింది. సీమైక్ కరువేలం తీసేయాలన్న వ్యాజ్యాలు మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం దాకా వెళ్లాయి. అక్కడి వాదనలు ఎక్కువగా నీటి గురించి, చెరువుల గురించి. దవడ జారిన మేక గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, ఎందుకంటే దాన్ని పిలవడానికి మాటే లేదు.

మాటలు పైనుంచి ఎవరో ఇస్తే నిలవవు. అయినా మన భాష దారి చూపిస్తూనే ఉంది. జబ్బవాపు, గొంతువాపు అన్న నోటికి 'దవడజారుడు' కష్టం కాదు. అంతకన్నా మంచి మాట పావగడలోనో, సాత్తూరులోనో, సోలాపూర్ చుట్టుపక్కలో ఒక మేకల కాపరి నోట ఇప్పటికే ఉండవచ్చు. మీ ఊరి కాపరిని ఈసారి చెట్టు పేరు అడగకండి, అది మనకు పది రకాలుగా తెలుసు. "కాయలే తిన్న మేక ఎట్లా అవుతుంది?" అని అడగండి. జవాబులో వచ్చే మొదటి మాటను ఆయన పలికింది పలికినట్టే రాసిపెట్టుకోండి.