పన్నెండో వంతు కోత: ఖరగ్‌పూర్ రైల్వే చరిత్రలో పీఎఫ్, పింఛను

సామాజిక భద్రత మీద వ్యాసం రాయమంటే మనలో చాలామంది 2004 జనవరి 1 దగ్గర మొదలుపెడతాం. పాత పింఛను పోయింది, ఎన్‌పీఎస్ వచ్చింది, ఇప్పుడు యూపీఎస్ వచ్చింది అని మూడు ముక్కల్లో ముగిస్తాం. అలా రాస్తే సమాధానం తప్పు కాదు గానీ అందులో చరిత్ర ఉండదు. జీతంలో ఎంత కోసి దాచాలి, ఎంత చేతికివ్వాలి అన్న ప్రశ్న మన దేశంలో నూరేళ్ల నాటిది. దాన్ని ఒక రైల్వే ఊరి నుంచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఆ ఊరు ఖరగ్‌పూర్.

ఖరగ్‌పూరే ఎందుకు?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పేరు వినగానే మనకు 1951లో మొదలైన ఐఐటీ, ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరుపడ్డ 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం గుర్తొస్తాయి. అసలు ఆ ఊరిని నిలబెట్టింది రైల్వే వర్క్‌షాపు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, అంటే బీఎన్ఆర్, ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా, మరమ్మతుల కేంద్రంగా పెంచింది. అదే కంపెనీ లైను కటక్ మీదుగా వాల్తేరు దాకా వచ్చేది. ఆ దారినే నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువాళ్లు పనికోసం వెళ్లారు. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్‌లుగా చేరి అక్కడే స్థిరపడ్డారు. నేటికీ ఖరగ్‌పూర్‌లో తెలుగు వినబడుతుందంటే కారణం ఇదే.

1927లో ఈ ఊరు దేశమంతటి దృష్టినీ ఆకర్షించింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో బీఎన్ఆర్ కార్మికులు సమ్మె చేశారు. సెప్టెంబరులో వర్క్‌షాపు సిబ్బందిని పెద్దఎత్తున తగ్గించబోవడంతో మళ్లీ గొడవ రేగింది. బీఎన్ఆర్ కార్మిక సంఘంలో ముఖ్యపాత్ర వహించిన వి.వి. గిరి బరంపురంలో పుట్టిన తెలుగువారు, తర్వాతి కాలంలో మన రాష్ట్రపతి. ఉద్యోగాల తొలగింపుకూ మన అంశానికీ సంబంధం ఉంది. పింఛను రావాలంటే ఏళ్ల తరబడి సర్వీసు ఉండాలి. రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియనివాడికి ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే పింఛను కంటే ఈ నెల చేతికొచ్చే రూపాయి మీదే గురి ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకుని ముందుకు వెళ్దాం.

నెల జీతంలో పన్నెండో వంతు

అప్పటి రైల్వేల్లో కింది సిబ్బందికి పింఛను లేదు, ఉన్నది ప్రావిడెంట్ ఫండ్. స్థూలంగా దాని లెక్క ఇది: ఉద్యోగి ఏడాదికి ఒక నెల జీతం, అంటే నెలనెలా పన్నెండో వంతు, జమ చేస్తాడు. శాతంలో 8.33. రైల్వే తన వంతు కలుపుతుంది. పదవీ విరమణ నాడు వడ్డీతో మొత్తం ఒకేసారి చేతికిస్తారు. అంతటితో లావాదేవీ ముగిసినట్టే.

1925 ప్రావిడెంట్ ఫండ్స్ చట్టం దీనికి ఒక కంచె కట్టింది. ప్రభుత్వ, రైల్వే పీఎఫ్‌లో తప్పనిసరిగా జమ చేసిన సొమ్మును కోర్టు డిక్రీతో కూడా అప్పులవాడు జప్తు చేయలేడు. కార్మికుడు తాకట్టు పెట్టలేడు. అంటే పీఎఫ్ పొదుపు మాత్రమే కాదు, వడ్డీ వ్యాపారి చెయ్యి చేరని చోటు కూడా.

మరి అందరూ సంతోషంగా చేరి ఉండాలి కదా? ఇక్కడే చేతికొచ్చే జీతం ప్రశ్న వస్తుంది.

1931: ఇరవై రూపాయల గీత

1929లో నియమితమైన రాయల్ కమిషన్ ఆన్ లేబర్, అంటే విట్లీ కమిషన్, 1931లో నివేదిక ఇచ్చింది. చాలా పారిశ్రామిక కేంద్రాల్లో మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండా కార్మిక కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని, ఎక్కువమందికి ఆ అప్పు మూడు నెలల జీతాన్ని మించి ఉందని అది రాసింది. రూపాయికి నెలకు ఒక అణా వడ్డీ మామూలని కూడా చెప్పింది. రూపాయికి 16 అణాలు కాబట్టి అది నెలకు 6.25 శాతం, ఏడాదికి 75 శాతం.

ఒక ఉదాహరణ వేసుకుందాం. నెలకు 24 రూపాయలు తెచ్చుకునే ఫిట్టరుకు పన్నెండో వంతు కోస్తే 2 రూపాయలు పోయి 22 మిగులుతాయి. ఇంటి ఖర్చు 24 అనుకుంటే, తక్కువపడ్డ ఆ 2 రూపాయలు అప్పు తేవాలి. అప్పుడు అతను ఒక చేత్తో తక్కువ వడ్డీకి దాచి, ఇంకో చేత్తో 75 శాతం వడ్డీకి అప్పు చేసినట్టే. యాజమాన్యం కలిపే వంతు ఉన్నా, ఏళ్లు గడిచేకొద్దీ వడ్డీ దాన్ని మింగేస్తుంది. కాబట్టి కోత వద్దన్న కార్మికుడిని ముందుచూపు లేనివాడని అనలేం.

కమిషన్ దీన్ని గుర్తించింది. ఆర్థిక పరిస్థితి అనుకూలించినప్పుడు ఏడాది నిరంతర సర్వీసు పూర్తిచేసిన రైల్వే ఉద్యోగులందరికీ పీఎఫ్ అర్హత ఉండాలని చెబుతూ, నెలకు 20 రూపాయలలోపు వారికి ఐచ్ఛికంగా, 20 లేదా అంతకు మించినవారికి తప్పనిసరిగా ఉండాలని సిఫార్సు చేసింది. అందరికీ అర్హత ఇవ్వాలని సిఫార్సు చేయాల్సి వచ్చిందంటే, అప్పటికి అందరికీ లేదనే అర్థం.

ఈ ఇరవై రూపాయల గీతలో మంచీ ఉంది, చెడూ ఉంది. అత్యల్ప జీతగాడి బియ్యం డబ్బు జోలికి పోకపోవడం మంచి. కానీ అతను పీఎఫ్‌లో చేరకపోతే యాజమాన్యం ఇచ్చే వంతు కూడా రాదు. పేదవాడికి ఇచ్చిన స్వేచ్ఛ వల్ల యాజమాన్యానికి ఖర్చు తగ్గింది. వ్యాసంలో ఈ రెండు వైపులా చూపితే మీ విశ్లేషణకు బలం వస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత ఆలోచన తిరగబడింది. 1952 ఈపీఎఫ్ చట్టం జీత పరిమితిలోపు ఉన్నవారికే పీఎఫ్‌ను తప్పనిసరి చేసింది. 2014 సెప్టెంబరు నుంచి ఆ పరిమితి నెలకు 15,000 రూపాయలైంది. 1931లో తక్కువ జీతం మినహాయింపుకు కారణమైతే, 1952 తర్వాత అదే రక్షణకు కారణమైంది. మధ్యలో వచ్చిన 1936 వేతనాల చెల్లింపు చట్టం, జీతం నుంచి ఏయే కోతలు చెల్లుతాయో జాబితా ఇచ్చింది. అందులో పీఎఫ్ ఒకటి. తర్వాత మొత్తం కోతలకు సాధారణంగా జీతంలో 50 శాతం, సహకార సంఘాల బాకీ ఉంటే 75 శాతం గరిష్ఠ పరిమితి వచ్చింది.

1957: ఆప్షన్ ఫారం

బీఎన్ఆర్ 1944 అక్టోబరులో ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. 1952లో తూర్పు రైల్వేలో కలిసింది. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే విడిగా ఏర్పడినప్పుడు ఖరగ్‌పూర్ అందులోకి వెళ్లింది. రెండేళ్లకు, 1957 నవంబరు 16న, రైల్వే బోర్డు పింఛను పథకాన్ని ప్రకటించింది. కొత్తగా చేరేవారికి పింఛనే. 1957 ఏప్రిల్ 1 నాటికి సర్వీసులో ఉన్నవారు మాత్రం పీఎఫ్‌లో ఉండాలో, పింఛనుకు మారాలో తేల్చుకోవాలి. పింఛనుకు మారితే రైల్వే కలిపిన వంతును వదులుకోవాలి.

చాలామంది పీఎఫ్‌లోనే ఉండిపోయారు. ఈనాటి కళ్లతో చూస్తే అది తెలివితక్కువగా కనిపించవచ్చు, కానీ అప్పటి లెక్కలు వేరు. ఒకేసారి వచ్చే సొమ్ముతో ఊళ్లో ఇల్లు కట్టవచ్చు, ఆడపిల్ల పెళ్లి చేయవచ్చు. ఉదారమైన కుటుంబ పింఛను పథకం 1964లో గానీ రాలేదు. కాబట్టి తాను త్వరగా పోతే భార్యకు ఏం మిగులుతుందన్న భయం ఉండేది. ధరలతో పాటు పింఛను పెరిగే పద్ధతి 1973లో మూడో వేతన సంఘం నివేదిక తర్వాతే కుదురుకుంది. 1957లో ఫారం నింపినవాడికి ఇవేవీ తెలియవు.

తర్వాత ప్రభుత్వం పలుమార్లు మళ్లీ ఆప్షన్ ఇచ్చింది. నాలుగో వేతన సంఘం తర్వాత, 1986 జనవరి 1 నాటికి సర్వీసులో ఉన్న పీఎఫ్ ఉద్యోగులను, వద్దని రాసిస్తే తప్ప, పింఛనులోకి వచ్చినట్టుగానే లెక్కించారు. అప్పటికే రిటైరై, ధరల పెరుగుదలలో పీఎఫ్ సొమ్ము కరిగిపోయినవారు మాత్రం బయటే మిగిలారు.

1990: సుప్రీంకోర్టు గీసిన గీత

1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పింఛను ప్రభుత్వ దయాభిక్ష కాదని, పింఛనుదారులను రిటైరైన తేదీని బట్టి ఇష్టానుసారం విడదీయడం 14వ అధికరణకు విరుద్ధమని చెప్పింది. ఆ తీర్పు ఆధారంగా రైల్వే పీఎఫ్ రిటైరీలు తమకూ పింఛనుకు మారే అవకాశం ఇవ్వాలని కోర్టుకెళ్లారు. 1990లో కృష్ణ కుమార్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం ఒప్పుకోలేదు. పీఎఫ్ వ్యక్తికి సొమ్ము చెల్లించడంతో ప్రభుత్వ బాధ్యత ముగుస్తుంది, పింఛను వ్యక్తి విషయంలో ఆ బాధ్యత అక్కడ మొదలవుతుంది, కాబట్టి ఇద్దరూ ఒకే వర్గం కారు అన్నది తీర్పు సారాంశం. ఐదో వేతన సంఘం తర్వాత, 1997 నవంబరు నుంచి, అర్హులైన పాత పీఎఫ్ రిటైరీలకు నెలకు 600 రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇచ్చారు. ఒక ఆప్షన్ ఫారం ఖరీదు ఎంతో దీన్ని బట్టి ఊహించవచ్చు.

పాలిటీ చదివేవారు ఈ రెండు కేసులనూ కలిపి చదవండి. ఒకటి చదివి రెండోది వదిలేస్తే 14వ అధికరణలోని సహేతుక వర్గీకరణ సూత్రం సగమే అర్థమవుతుంది.

2004 నుంచి 2025 దాకా

2004 జనవరి 1 నుంచి చేరిన కేంద్ర ఉద్యోగులకు, సాయుధ దళాలు మినహా, ఎన్‌పీఎస్ వచ్చింది. రైల్వే ఉద్యోగులూ అందులోకే వెళ్లారు. మూలవేతనం, డీఏ కలిపిన మొత్తంలో ఉద్యోగి 10 శాతం ఇస్తాడు. ప్రభుత్వ వాటా మొదట 10 శాతం, 2019 ఏప్రిల్ నుంచి 14 శాతం. ఆ రెండూ కలిపి 40,000 రూపాయలు అనుకుంటే ఉద్యోగికి నెలకు 4,000 కోత, ప్రభుత్వం కలిపేది 5,600. పింఛను ఎంతన్నది మార్కెట్ మీద ఆధారపడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇదే తరహా సీపీఎస్ 2004 సెప్టెంబరు 1 నుంచి అమలైంది. దాన్ని రద్దు చేయాలన్న ఉద్యమం మనందరికీ తెలిసిందే.

సోమనాథన్ కమిటీ తర్వాత 2024 ఆగస్టు 24న కేంద్ర మంత్రివర్గం యూపీఎస్‌ను ఆమోదించింది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలు. 25 ఏళ్ల సర్వీసుకు చివరి 12 నెలల సగటు మూలవేతనంలో 50 శాతం, కనీసం పదేళ్ల సర్వీసుంటే నెలకు 10,000 రూపాయల హామీ. ఉద్యోగి కోత 10 శాతమే, ప్రభుత్వ భారం మాత్రం 18.5 శాతం. ఎన్‌పీఎస్‌లో ఉన్నవారికి మళ్లీ ఎంచుకునే అవకాశం ఇచ్చారు. 1957 నాటి ఆప్షన్ ఫారం కొత్త రూపంలో తిరిగొచ్చిందన్నమాట.

తేలేదేమిటి?

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో 1930లో, 1958లో, 2005లో చేరిన ముగ్గురిని ఊహించుకోండి. మొదటివాడికి పీఎఫ్, రెండోవాడికి పింఛను, మూడోవాడికి ఎన్‌పీఎస్. కోత శాతాల్లో తేడా కొద్దిగానే ఉంది. అసలు తేడా నష్టభయం ఎవరిదన్న దగ్గర ఉంది. మొదటివాడు ఎక్కువకాలం బతికితే, ధరలు పెరిగితే భారం అతనిదే. రెండోవాడి విషయంలో ఆ భారం ప్రభుత్వానిది. మూడోవాడు మార్కెట్ ఒడుదొడుకులను మోస్తున్నాడు. యూపీఎస్ ఆ భారాన్ని మళ్లీ కొంత ప్రభుత్వం మీదికి జరిపింది.

కాబట్టి చేతికొచ్చే జీతం పెరిగిందా తగ్గిందా అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. మూడు విషయాలు అడగాలి. ఆ కోత తర్వాత మిగిలిన జీతంతో అప్పు లేకుండా నెల గడుస్తుందా? కోతకు జతగా యాజమాన్యం ఎంత వేస్తోంది? ఆయుష్షు, ధరలు, మార్కెట్ అనే మూడు అనిశ్చితుల్లో ఏది ఎవరి నెత్తిన ఉంది? మొదటి ప్రశ్నకు కాదు అని జవాబొస్తే, కోత తగ్గించడం కన్నా జీతం పెంచడమే అసలు పరిష్కారం. ఇరవై రూపాయల గీత మనకు చెప్పే పాఠం అదే.

ప్రభుత్వ ఖజానా కోణాన్ని కూడా వదలకండి. రెండోవాడికి ఇచ్చిన హామీని నేటి పన్ను చెల్లింపుదారులు మోస్తున్నారు. పాత పింఛను కావాలనేవారు దీనికి జవాబు చెప్పాలి. వద్దనేవారు కృష్ణ కుమార్ కేసులోని వృద్ధులకు జవాబు చెప్పాలి.

సాధన ప్రశ్న: "పింఛను సంస్కరణల సారాంశం కోత శాతంలో కాదు, నష్టభయం పంపకంలో ఉంది." స్వాతంత్ర్యానికి ముందు, తర్వాతి ఉదాహరణలతో 250 పదాల్లో చర్చించండి. నకారా, కృష్ణ కుమార్ తీర్పులు రెండింటినీ వాడండి. రాసి కామెంట్లలో పెట్టండి, ఒకరి జవాబు ఒకరు దిద్దుకుందాం.