ఫోటో ఏ రకం ఫైలో చూసి పంపండి

స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఫోటో ఎక్కడం లేదా? ఫోటో బాగాలేదని కాదు, ఫైలు రకం సరిపోలేదేమో. కొల్హార్ నుంచి బీదర్ నెట్ సెంటర్‌కి బయలుదేరే ముందు ఫైలు పేరులో చుక్క తర్వాతి అక్షరాలు చూడండి.

జేపీజీ 1992 నాటి ప్రమాణం, దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లూ తెరుస్తాయి. ముఖం ఫోటోకి ఇది చాలు. కానీ సైజు తగ్గించడానికి కొన్ని వివరాలు వదిలేస్తుంది. మార్చి సేవ్ చేసినప్పుడల్లా ఇంకొంచెం పోతుంది. మార్కుల కార్డుని అలా పదేపదే సేవ్ చేస్తే తెలుగు, కన్నడ ఒత్తులు మసకబారతాయి, అంకెలూ అంతే. 1996లో వచ్చిన పీఎన్‌జీ ఏదీ వదలదు, అందుకే ఫైలు పెద్దదవుతుంది. ఫారం ఒప్పుకుంటే అక్షరాలున్న కాగితానికి అదే మేలు.

ఐఫోన్లలో 2017 నుంచి హెచ్‌ఈఐసీ వచ్చింది. చాలా పాత కంప్యూటర్లు దాన్ని తెరవలేవు. సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌కి వెళ్లి ‘మోస్ట్ కంపాటిబుల్’ పెడితే ఆ తర్వాత తీసే ఫోటోలు జేపీజీలో వస్తాయి.

చివరి అక్షరాలు చెరిపి జేపీజీ అని రాస్తే మాత్రం ఫైలు మారదండీ! బియ్యం డబ్బాకి పప్పు అని చీటీ అంటించినట్టే. పెయింట్‌లో తెరిచి ‘సేవ్ యాజ్’ నొక్కి రకం ఎంచుకోండి. ఉచితంగా దొరికే గింప్‌లో అయితే ‘ఎక్స్‌పోర్ట్ యాజ్’ నొక్కాలి. ఉత్త ‘సేవ్’ నొక్కితే గింప్ సొంత రకమైన ఎక్స్‌సీఎఫ్ వస్తుంది. అసలు ఫైలుని తుడిచేయకండి.