అర్థం, కోసం

‘అర్థబలం, అంగబలం ఉన్నవాడు’ అంటే డబ్బూ మనుషులూ ఉన్నవాడని. అదే మనిషి ‘అర్థంపర్థం లేకుండా మాట్లాడాడు’ అంటే అక్కడ డబ్బు ప్రసక్తే లేదు. అర్థశాస్త్రంలోని అర్థం ఒకటి, అర్థతాత్పర్యాల్లోది ఇంకొకటి, పురుషార్థంలోది మరొకటి. సొమ్ముకూ, మాట భావానికీ, బతుకు గమ్యానికీ ఒకే మాట ఎలా చెల్లింది? చాలాకాలంగా నన్ను వదలని ప్రశ్న ఇది. జీవితానికి అర్థం ఉందనిపించడం మనిషి మనసునూ ఒంటినీ ఎలా నిలబెడుతుందో పరిశోధించిన వైద్యుల రాతలు చదివేకొద్దీ, ఈ మాటను ఇంకొంచెం నిదానంగా విప్పి చూడాలనిపించింది.

ధాతుపాఠం ‘అర్థ్’ ధాతువుకు యాచించడం అని చెబుతుంది. మన ‘అర్థించు’ అక్కడిదే. ప్రార్థనలో, అభ్యర్థనలో ఉన్నదీ అదే. అడిగేవాడు అర్థి, అతడు కోరి వెళ్లేది అర్థం. కోరింది సొమ్మయితే అర్థం ధనమవుతుంది. మాట వెనక ఏముందని వెతికితే భావమవుతుంది. బతుకు ఎటు నడవాలని అడిగితే గమ్యమవుతుంది. నిరుక్తకారుడు యాస్కుడు ఇంకాస్త వెనక్కి వెళ్లి, కదలడం, వెళ్లడం అనే ఋ ధాతువు నుంచి ఈ మాటను రాబట్టాడు. ఇప్పటి భాషావేత్తల్లోనూ అటు మొగ్గేవాళ్లున్నారు. పొరుగున తమిళంలో ‘పొరుళ్’ అన్న మాట కూడా ధనానికీ, వస్తువుకూ, మాట భావానికీ చెల్లుతుంది. అది సంస్కృతం నుంచి వచ్చిన మాట కాదు. దారులు వేరైనా రెండు భాషలూ ఒకే చోటికి చేరాయి.

ఒక చిన్న సంగతి. తెలుగులో ‘అర్థం’ అని రాయబోయి ‘అర్ధం’ అని రాసేవాళ్లు లెక్కలేనంతమంది. థ పొట్టలోని చుక్క ఒక్కటి జారిపోతే మిగిలేది సగం. ఇది అక్షరదోషమే, ఇందులో వేదాంతమేమీ లేదు. అయినా ప్రాణాంతక వ్యాధి వచ్చినవాళ్లతో మాట్లాడిన వైద్యులు రాసింది చదువుతుంటే ఈ రెండు మాటలూ పక్కపక్కనే కనిపిస్తాయి. బతుకు అర్ధాంతరంగా ఆగిపోతోందన్న బాధే, ఇన్నాళ్లు బతికినదానికి అర్థం లేకుండా పోయిందన్న బాధగా మారుతుంది.

ఈ పరిశోధనలకు మూలపురుషుడు విక్టర్ ఫ్రాంకల్. 1905లో వియన్నాలో పుట్టిన యూదు వైద్యుడు. తన చికిత్సా పద్ధతికి ‘లోగోథెరపీ’ అని పేరు పెట్టుకున్నది రెండో ప్రపంచయుద్ధానికి చాలా ముందే. గ్రీకులో ‘లోగోస్’ అంటే మాట, తర్కం, ఇంకా చాలా ఉన్నాయి. ఫ్రాంకల్ దాన్ని అర్థమనే తీసుకున్నాడు. ఆయన సొంత భాష జర్మన్‌లో అర్థాన్ని ‘జిన్’ అంటారు. ఆ మాట పాత క్రియారూపానికి వెళ్లడం, ప్రయాణించడం, ఒకదానికై పాటుపడడం అన్న భావాలుండేవి. గడియారం ముళ్లు తిరిగే దిశను చెప్పడానికి వాళ్లు ఇప్పటికీ అదే మాట వాడతారు. యాస్కుడి ఋ ధాతువు మనసులో ఉన్నవాళ్లకు ఇది కొత్తగా తోచదు. అర్థమనేది ఒకచోట కూర్చుని ఉండేది కాదనీ, ఎటో చూస్తూ, ఎటో నడుస్తూ ఉండేదనీ ఆ భాషకూ తెలుసు.

అమెరికా యుద్ధంలో దిగడానికి కొద్దిగా ముందు ఫ్రాంకల్‌కు ఆ దేశం వెళ్లడానికి వీసా వచ్చింది. వెళ్తే ప్రాణం దక్కుతుంది, తన సిద్ధాంతమూ దక్కుతుంది. ముసలి తల్లిదండ్రులు మాత్రం వియన్నాలో మిగిలిపోతారు. వాళ్ల గతి ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఎటూ తేల్చుకోలేక ఇంటికి వస్తే బల్ల మీద ఒక పాలరాతి ముక్క కనిపించింది. నాజీలు తగలబెట్టిన వియన్నాలోని పెద్ద యూదు ప్రార్థనామందిరం శిథిలాల్లోంచి తండ్రి ఏరి తెచ్చిన ముక్క అది. దాని మీద బంగారు పూతతో చెక్కిన హీబ్రూ అక్షరం ఒకే ఒక్కటి ఉంది. పది ఆజ్ఞల్లో ఒకే ఆజ్ఞకు ఆ అక్షరం గుర్తని తండ్రి చెప్పాడు. ఏ ఆజ్ఞ అని కొడుకు అడిగాడు. తల్లిదండ్రులను గౌరవించమన్న ఆజ్ఞ. ఫ్రాంకల్ ఆగిపోయాడు. వీసా గడువు తీరిపోయింది.

1942 సెప్టెంబరులో ఇంటిల్లిపాదినీ నాజీల నిర్బంధ శిబిరమైన తెరెజిన్‌స్టాట్‌కు తరలించారు. తండ్రి అక్కడే పోయాడు. తల్లిని ఆష్విట్జ్‌లో చంపేశారు. భార్య టిల్లీ బెర్గెన్-బెల్సెన్‌లో చనిపోయింది. కోటులో దాచుకుని తీసుకెళ్లిన రాతప్రతి కూడా ఆష్విట్జ్‌లోనే పోయింది. 1945 ఏప్రిల్‌లో విడుదలై వియన్నా తిరిగొచ్చాక, నిర్బంధ శిబిరాల అనుభవం మీద పుస్తకాన్ని తొమ్మిది రోజుల్లో పూర్తి చేశాడు. 1946లో అచ్చయింది. తర్వాత ఇంగ్లీషులోకి వెళ్లి లోకమంతా తిరిగింది.

ఆ పుస్తకంలో ఒక ముసలి డాక్టరు సంగతి ఉంది. భార్య పోయి రెండేళ్లయినా దుఃఖం తగ్గక ఆయన ఫ్రాంకల్ దగ్గరికి వచ్చాడు. మీరే ముందు పోయి, ఆమె మిగిలి ఉంటే ఏమయ్యేదని ఫ్రాంకల్ అడిగాడు. పాపం, ఆమె తట్టుకోలేకపోయేదన్నాడు ఆ డాక్టరు. ఆ బాధ ఆమెకు తప్పిందనీ, బదులుగా మీరు పడుతున్నారనీ ఫ్రాంకల్ గుర్తు చేశాడు. ముసలాయన మారు మాట్లాడకుండా చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. పోయిన భార్య తిరిగి రాలేదు. తన దుఃఖం ఎవరి కోసమో తెలిసింది, అంతే.

ఈ రెండు సంఘటనల్లోనూ ‘అర్థం’ అన్న పెద్ద నామవాచకానికి చోటు లేదు. రెంటినీ నడిపింది ‘కోసం’ అన్న చిన్న మాట. తల్లిదండ్రుల కోసం, ఆమె కోసం. మన భాషలో ఈ చిన్న పని చేసేదీ అర్థమే. సమాసం చివర చేరితే ‘అర్థం’ అంటే ‘కోసం’. దర్శనార్థం, సహాయార్థం, ఉదరపోషణార్థం. యజ్ఞాల కరపత్రాల మీద లోకకల్యాణార్థం. పూజ మొదట చెప్పే సంకల్పంలో వరసగా వచ్చే ‘సిద్ధ్యర్థం’లూ అంతే. ఏ దేశంలో, ఏ కాలంలో, ఏ గోత్రంలో పుట్టిన నేను దేనికోసం ఈ పని మొదలుపెడుతున్నానో చెప్పకుండా పూజ మొదలు కాదు.

వీటన్నిటిలోకీ నన్ను ఎక్కువగా ఆపేది ‘జ్ఞాపకార్థం’. ఊళ్లో గుడికి వెళ్తే ఫ్యాను రెక్క మీద ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. సిమెంటు బల్ల వీపు మీద, చలివేంద్రం బోర్డు మీద, అన్నదానంలో వడ్డించే స్టీలు గిన్నె అంచున చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. కీర్తిశేషులు ఫలానావారి జ్ఞాపకార్థం, కింద కొడుకుల పేర్లు, కోడళ్ల పేర్లు. పోయినావిడ ఎవరో మనకు తెలియదు. ఆమె పేరున ఎండలో ఒక గ్లాసు నీళ్లు తాగి దారిన పోతాం. ఒక బతుకు ఇంకొకరికి పనికిరావడం ఇంకా ఆగలేదని చెప్పడానికి తెలుగువాడు ఎంచుకున్న మాట ఇది.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్‌లో మానసిక వైద్యుడు విలియం బ్రైట్‌బార్ట్ తయారుచేసిన చికిత్సలో ఈ జ్ఞాపకార్థానికి పెద్ద పీట ఉంది. ఆయన తల్లిదండ్రులు యూదుల మారణకాండలో బతికి బయటపడ్డ పోలండువాళ్లు. తామెందుకు మిగిలామన్న ప్రశ్న ఉన్న ఇంట్లో పెరిగాడు. డాక్టరయ్యాక ఆయన ముందుకు వచ్చిన రోగులు దానికి తలకిందులైన ప్రశ్న వేశారు. ఇంకా ఎందుకు మిగలాలి, త్వరగా పోయే మార్గం చెప్పండని. చివరి దశ క్యాన్సర్‌తో ఉన్న 92 మందిని పరిశీలించి ఆయన బృందం 2000లో ఒక అధ్యయనం ప్రచురించింది. అందులో 17 శాతం మందికి త్వరగా చనిపోవాలన్న కోరిక బలంగా ఉంది. ఆ కోరికను పెంచేవి కుంగుబాటూ నిరాశా. రెండూ ఒకటి కావు, దేని బరువు దానిదే. కుంగుబాటుకు మందులున్నాయి. నిరాశకు ఏమిస్తాం? అక్కడే బ్రైట్‌బార్ట్ ఫ్రాంకల్‌ను మళ్లీ తెరిచాడు.

ఆయన తయారుచేసిన ఈ అర్థకేంద్రిత చికిత్స బృందంగా అయితే ఎనిమిది వారాలు, ఒక్కరితో అయితే ఏడు సార్లు సాగుతుంది. మనిషి అర్థం ఎక్కడెక్కడ దొరకబుచ్చుకోగలడో ఫ్రాంకల్ మూడు చోట్లు చెప్పాడు. చేసే పనిలో, ప్రేమలోనూ అందంలోనూ పొందే అనుభవంలో, తప్పించుకోలేని బాధ ఎదురైనప్పుడు దాని ముందు నిలబడే తీరులో. బ్రైట్‌బార్ట్ నాలుగోది చేర్చాడు. మనకు పెద్దవాళ్ల నుంచి సంక్రమించిన కథ, మనం బతుకుతున్న కథ, మన తర్వాతివాళ్లకు మిగిల్చే కథ. ‘నేనెవరు?’ అన్న ప్రశ్నకు రోగి కొన్ని జవాబులు రాసుకుంటాడు, జబ్బు రాకముందు ఎవరు, వచ్చాక ఎవరు అని. చాలామంది రాసేవి బంధుత్వాలే: కొడుకు, తల్లి, అక్క, భర్త. ఎవరికో ఏదో అయినవాళ్లు.

ఫలితాలను ఉన్నవి ఉన్నట్టే చెప్పాలి. 2015లో ప్రచురించిన బృంద చికిత్స ప్రయోగంలో ముదిరిన క్యాన్సర్ ఉన్న 253 మంది పాల్గొన్నారు. మామూలు ఆసరా బృందాల్లో ఉన్నవాళ్లకంటే ఈ చికిత్స పొందినవాళ్లకు జీవన నాణ్యత మెరుగుపడింది, కుంగుబాటూ నిరాశా చావు కోరికా తగ్గాయి. ఆందోళనలో మాత్రం తేడా రాలేదు. ఒక్కొక్కరితో విడిగా చేసిన ప్రయోగం 2018లో, 321 మందితో వచ్చింది. మామూలు వైద్యంతో పోలిస్తే మేలు కనిపించింది. పక్కన కూర్చుని ఓపిగ్గా వినే సాధారణ చికిత్సతో పోలిస్తే తేడా కొద్దిపాటిదే. నాకు ఇందులో నిరుత్సాహపడేదేమీ కనబడలేదు. ఓపిగ్గా వినడం కూడా ఎదుటివాళ్ల కోసం ఉండటమే కదా.

ఇక కొలతల సంగతి. 1964లో క్రంబా, మహోలిక్ అన్న ఇద్దరు 20 ప్రశ్నలతో జీవిత లక్ష్యాన్ని కొలిచే పరీక్ష తయారుచేశారు. 2006లో మైకేల్ స్టెగర్, ఆయన సహచరులు 10 వాక్యాలతో కొత్త కొలత తయారుచేసి, దాన్ని రెండు పాయలు చేశారు: అర్థం ఉందనిపించడం, అర్థం కోసం వెతకడం. అమెరికాలో బాగా వెతుకుతున్నవాళ్లు తమ బతుకులో అర్థం తక్కువగా ఉందని చెప్పారు. జపాన్‌లో మాత్రం వెతుకులాటా ఉనికీ కలిసి పెరిగాయి. వెతకడమంటే లేకపోవడమేనని అందరూ అనుకోరన్నమాట. అర్థినీ అర్థాన్నీ ఒకే కాండం మీద నిలబెట్టిన భాషవాళ్లం, మనవాళ్లను అడిగితే ఏం చెబుతారో తెలుసుకోవాలని నాకు గట్టిగా ఉంది.

అదే జపాన్‌లో మియాగి ప్రాంతంలో 43,391 మందిని ఏడేళ్లు గమనించి 2008లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లను అడిగింది ఒకే ప్రశ్న: మీకు ‘ఇకిగాయ్’ ఉందా? ఇకి అంటే బతకడం, గాయ్ అంటే విలువ. లేదన్నవాళ్లలో మరణాలు ఎక్కువ. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్లలో ఆ తేడా కనిపించింది, క్యాన్సర్‌తో పోయినవాళ్లలో కనిపించలేదు. ఇది కారణమని రుజువు చేసే అధ్యయనం కాదు. కానీ ప్రశ్న ఎంత మామూలుదో చూడండి. పల్లెలో ముసలమ్మకైనా వెంటనే అందే మాట.

మనం ఆ ప్రశ్నను ఎలా అడగాలి? ‘మీ జీవితానికి అర్థం ఉందా?’ అని అడిగితే తెలుగు పరీక్షలో ప్రతిపదార్థం అడిగినట్టుంటుంది. ‘ఏముందమ్మా, పైవాడు పిలిచేదాకా’ అని ముగించేస్తారు. అందులో అబద్ధం లేదు, సమాచారమూ లేదు. ‘పొద్దున్నే ఎవరి కోసం లేస్తారు, ఏ పని కోసం లేస్తారు?’ అని అడిగి చూడండి. మనవడి క్యారేజీ, ఈనబోయే గేదె, ఎదురింటావిడ ఇచ్చిన మల్లె అంటు, ఇంకా తీరని చీటీ బాకీ ఒకటొకటిగా వస్తాయి.

ఇంకో సంగతి వ్యాకరణంలో ఉంది. ‘నాకు అర్థమైంది’ అంటాం. ఆ వాక్యంలో నేను కర్తను కాను. అర్థం దానంతటది అయింది, నాకు అయింది. అర్థాన్ని ఎవరూ ఎవరికీ ఇవ్వలేరనీ, వైద్యుడు చీటీ మీద రాసివ్వలేడనీ, ఎవరికి వాళ్లకే దొరకాలనీ ఫ్రాంకల్ పట్టుబట్టి చెప్పాడు. ముసలి డాక్టరు దగ్గర ఆయన మొదలుపెట్టింది ఒక ప్రశ్నతోనే.

మన ఆస్పత్రుల్లో మంచం చుట్టూ చేరిన చుట్టాలు ఇక్కడే తడబడతారు. కీమో పడి జుట్టు రాలిపోయిన ఆడమనిషితో ‘నీ పిల్లల కోసమైనా నువ్వు బతకాలమ్మా’ అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ ‘ఐనా’ చేసే పని చూడండి. నీకంటూ ఏమీ మిగల్లేదని ఒప్పేసుకుని, మిగిలిన ఒక్కదాన్ని ఆమె చేతిలో పెడుతుంది. పుట్టినప్పటి నుంచీ ఆమెకు కోసాలన్నీ ఇతరులే నిర్ణయించి ఉండొచ్చు. అత్తగారి కోసం, పరువు కోసం, పిల్లల కోసం. చివరిది కూడా మనమే నిర్ణయించనక్కర్లేదు. దేని కోసమని అడిగి, ఆమె చెప్పేదాకా ఆగితే చాలు. పిల్లల పేర్లే చెప్పొచ్చు. సగంలో వదిలేసిన డిగ్రీ అని చెప్పొచ్చు. ‘నా కోసం’ అని కూడా అనొచ్చు. స్వ, అర్థం కలిస్తే స్వార్థం, తన సొంత ప్రయోజనమని మాత్రమే. దాన్ని తిట్టుగా వాడుకుంటున్నది మనం. ఆమె ఆ మాట అన్న రోజున ఎవరూ అడ్డు రాకూడదు.