తిరుమల కొండమీద అన్నపు వంతు

పెద్దమండ్యమునకు దాపుననున్న గుర్రంకొండ సీమలోనిది తరిగొండ గ్రామము. పదునెనిమిదవ శతాబ్దమున అచ్చట జన్మించిన కవయిత్రి వెంగమాంబ పేరిటనే తిరుమలలో అన్నప్రసాద భవనము 2011లో వెలసినది. పండుగ దినములలో ఆ వాకిట చాలసేపు నిలిచి, పంక్తిలో కూర్చుండి, వేడి అన్నములో సాంబారు పోయించుకొనునపుడు మా ప్రాంతమువారికి ఆడపడుచు ఇంట భోజనమునకు వచ్చినట్లే యుండును. కాని ఆ పంక్తిలో ఎవరైనను కూర్చుండవచ్చునను ఏర్పాటు అంత ప్రాచీనమైనది కాదు.

సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు పరిశోధించిన దేవస్థాన శాసనములను చూచినచో మనకు ఆశ్చర్యము కలుగును. యుద్ధముల మాట అరుదు. వంటకముల మాటయే మెండు. అప్పములు, అతిరసములు, వడలు, సుఖియలు, దోసెలు, వానికి కావలసిన బియ్యము, నెయ్యి, మిరియములు, అన్నిటికిని లెక్క రాతిపై చెక్కించిరి. విజయనగరకాలమున దాత యిచ్చిన ధనముతో దేవుని గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించి, పెరిగిన పంటతో నైవేద్యము నడుపుట వాడుక. వాననమ్ముకొన్న మా సీమ రైతునకు ఇంతకంటె మెచ్చదగిన ఏర్పాటు వేరొకటి యుండునా! నైవేద్యమైన పిదప ప్రసాదములో నాల్గవవంతు దాతది. తక్కినది గుడి కొలువువారికి పంచబడెడిది. దాతలు కొందరు తమ వంతును రామానుజకూటములకు విడిచిరి. సాళువ నరసింహుని కాలమున కందాడై రామానుజయ్యంగారి పర్యవేక్షణలోనున్న ఆ సత్రములలో ముఖ్యముగా శ్రీవైష్ణవ యాత్రికులు భుజించిరి. వంతులేని సామాన్యుడు ఏమి తినెనో ఆ రాళ్లు చెప్పుట అరుదు.

1933లో పరిపాలన మహంతుల చేతినుండి దేవస్థానముల సంఘమునకు వచ్చినది. 1944లో ఘాటురోడ్డు పడి మోటారుబండ్లు కొండ యెక్కినవి. నడకదారి కష్టము తగ్గినకొలది గుడి ముంగిట నిరీక్షణ పెరిగెను. క్యూ అను మాట మా పల్లెల ముసలమ్మల నోట తెలుగు మాటయైనది ఇట్లే. 1985లో నిత్యాన్నదానము ఆరంభమైన పిదప వంతు ఎవరిదని అడుగు పనిలేదు. వరుసలో నిలిచిన ఓపికయే హక్కు. దర్శనమునకై గదులలో వేచియుండువారికి సేవకులు పాలు, ఉప్మా, పొంగలి తెచ్చి యిత్తురు. వెలుపలికి వచ్చి లడ్డును చిదిమి, కలకండ పలుకో జీడిపప్పో పంటికి తగులగా, ఈ మారు నెయ్యివాసన యెట్లున్నదో తీర్పు చెప్పనివారు అరుదు.

ఓపికకును ఒక మేర కలదు. 2025 జనవరి 8వ తేదీ రాత్రి తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్లకై గుమిగూడినవారిలో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించిరి. అది కొండపై కాదు, దేవుని యెదుటను కాదు. వరుసలో నిలుచు హక్కుకొరకు నిలిచినచోట. ఆ యేడే డిసెంబరు 30న వచ్చిన ఏకాదశికి మొదటి మూడు దినముల దర్శనమును ఇంటర్నెట్టు ద్వారా చీట్లు తీసి కేటాయించిరి. తోపులాటను తప్పించు ఉపాయమే, మెచ్చవలసినదే. కాని చీటిలో పేరు రానివారును, చీటి వేయుటయే తెలియని ముదుసలులును నాల్గవ దినమువరకు ఆగవలసివచ్చెను.