బడి గోడ మీద పేరు ఒకరిది, పవర్ ఇంకొకరిది

చిల్కూరు అనగానే మనకి వీసా బాలాజీ గుర్తొస్తాడు. బీటెక్ వాళ్ళకైతే చెప్పక్కర్లేదు. కానీ ఈ ఎపిసోడ్ గుడి గురించి కాదు, బడి గురించి.

ఈసారి అటు వెళ్తే మొయినాబాద్, చేవెళ్ళ వైపు ఊళ్ళలో సర్కారు బడి గోడ చదవండి. చిన్న బడి అయితే 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల', పెద్దదైతే 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అని ఉంటుంది. పరిషత్ అంటే ఓట్లతో ఏర్పడే సంస్థ. అంటే ఈ బడి మనం ఎన్నుకున్న వాళ్ళ చేతిలో ఉందని గోడ చెప్తోంది. నిజంగా ఉందా?

1959 అక్టోబర్ 11న నెహ్రూ షాద్‌నగర్‌లో మన రాష్ట్రపు పంచాయతీరాజ్‌ని ప్రారంభించారు. ప్రాథమిక బడులు పంచాయతీ సమితులకి, హైస్కూళ్ళు జిల్లా పరిషత్‌లకి వెళ్ళాయి. అప్పట్లో ఈ సంస్థలకి టీచర్ల మీద కూడా పట్టు ఉండేది. లీడర్‌కి నచ్చకపోతే టీచర్‌కి ట్రాన్స్‌ఫరే అన్న ఫిర్యాదులూ అప్పటివే. కాబట్టి ఎన్నిక జరిగితే చాలు, అంతా బాగుపడుతుంది అనుకోకండి.

1980లలో ఎన్టీఆర్ సమితులు తీసేసి మండలాలు తెచ్చారు. గోడ మీద పేరు మారింది. పవర్ మాత్రం మెల్లగా ఆఫీసర్ల వైపు జరిగింది. ఇవాళ టీచర్ పోస్టు డీఎస్సీతో వస్తుంది, బడిని చూసేది ఎంఈవో, డీఈవో. 2024 జులైలో తెలంగాణలో పరిషత్‌ల గడువు అయిపోతే వాటిలో కూడా స్పెషల్ ఆఫీసర్లే కూర్చున్నారు.

మరి పేరెంట్స్ సంగతి? 1998లో చంద్రబాబు ప్రభుత్వం చట్టం చేసి స్కూల్ కమిటీలు తెచ్చింది. తర్వాత 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళుండాలి. మన దగ్గర ఒక్కో తరగతి నుంచి ముగ్గురిని ఎన్నుకునే పద్ధతి పెట్టారు. తెలంగాణలో 2019 నవంబర్‌లో ఈ ఎన్నికలు జరిగాయి.

2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. నీళ్ళు, టాయిలెట్లు, రిపేర్ల పనులు వాటికి ఇచ్చారు. చైర్‌పర్సన్ ఎవరు? మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు. ఆమె కూడా ఎన్నికైనావిడే, కాదనను. కానీ ఆమెని ఎన్నుకుంది సంఘాల మహిళలు, ఆ బడి పిల్లల తల్లిదండ్రులు కాదు. పని బాగా జరగొచ్చు. జరగకపోతే పేరెంట్స్ ఆమెని మార్చలేరు. అసలు తేడా అక్కడే.

ఇక హైదరాబాద్ సిటీకి వస్తే, ఎన్నికైన స్కూల్ బోర్డు అనేదే లేదు. జీహెచ్‌ఎంసీ కార్పొరేటర్‌ని బడి గురించి అడిగితే, అది తన పరిధి కాదంటాడు. అదే షికాగో చూడండి. 1995లో బోర్డు మొత్తాన్ని మేయర్ చేతికిచ్చారు. దాదాపు 30 ఏళ్ళు గొడవపడి 2024 నవంబర్‌లో 21 సీట్లలో 10 సీట్లకి ఎన్నిక సాధించుకున్నారు. ఇంకో ముఖ్యమైన విషయం, అక్కడ 1988 చట్టంతో చాలా బడులకి స్థానిక కౌన్సిళ్ళు వచ్చాయి. పేరెంట్స్ ఎన్నికై కూర్చునే ఆ కౌన్సిలే ప్రిన్సిపాల్‌ని ఎంచుకుంటుంది.

మన కమిటీలకి ఏమిచ్చాం? ప్లాన్ రాయి, ఖర్చులు చూడు, సంతకం పెట్టు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లాగిన్ ఇచ్చి పర్మిషన్లు ఇవ్వలేదు. అలాంటి మీటింగ్‌కి ఒకరోజు కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? తర్వాత 'పేరెంట్స్‌కి ఇంట్రెస్ట్ లేదు' అని వాళ్ళనే అంటాం.

నా మాట ఇదీ: ఎన్నికే కావాలి, కానీ చేతిలో కొంత డబ్బు, నిజమైన నిర్ణయం పెట్టిన ఎన్నిక కావాలి. టీచర్ ట్రాన్స్‌ఫర్ మాత్రం లీడర్ల చేతికి మళ్ళీ వెళ్ళకూడదు, 1959 తర్వాత నేర్చుకున్న పాఠం అది. ప్రైవేటు స్కూల్ నచ్చకపోతే డబ్బున్నవాళ్ళు ఇంకో స్కూల్‌కి మారుస్తారు. సర్కారు బడికి పంపే తల్లికి ఆ ఛాన్స్ లేదు, ఆమెకున్నది ఆ ఒక్క ఓటే.

మీ ఊరి బడికి వెళ్ళి ఒక్క ప్రశ్న అడగండి: ఇక్కడ కమిటీలో ఎవరున్నారు, వాళ్ళని ఎవరు ఎన్నుకున్నారు? నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!